రోగి కాగితం కూడా అమానత్తే



ఏటా ఈ సంచికకు పిల్లల చదువు గురించో, స్కాలర్‌షిప్‌ల గురించో రాస్తుంటాను. ఈసారి మన వైద్యసాయం గురించి రాస్తున్నాను. డబ్బు సంగతి కాదు. ఆ డబ్బు కోసం మన చేతికి వచ్చే కాగితాల సంగతి. డాక్టరు చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, స్కానింగులు, ఆధార్ జిరాక్సులు. వీటిని మనం ఎలా దాస్తున్నాం, ఎవరికి చూపిస్తున్నాం అన్నదే ఈ వ్యాసం.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

కొన్నేళ్ళ క్రితం నా క్లాసులో చదివే అమ్మాయి అక్కకు జబ్బు చేసింది. ఆరు నెలలు మందులు వాడితే పూర్తిగా నయమయ్యేదే. కానీ పరీక్షలకు, మంచి తిండికి ఆ ఇంట్లో డబ్బు లేదు. ఎవరో ఆ పిల్ల ఫోటో, డాక్టరు చీటీ, తల్లి ఆధార్ కార్డు, ఫోన్ నంబరు కలిపి వాట్సాప్‌లో పెట్టారు. రెండు రోజుల్లో కావలసిన డబ్బు వచ్చింది. పిల్లకు నయమైంది. అందరం సంతోషించాం.

ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లకు సంబంధం కుదిరేలా ఉంది. పిల్లవాడి తరఫు బంధువుల్లో ఒకరి ఫోన్‌లో ఆ ఫోటో ఇంకా ఉంది. "ఈ అమ్మాయి ఆ అమ్మాయే కదా" అన్నారు. సంబంధం ఆగిపోయింది. తల్లి మా స్కూలుకు వచ్చి వరండాలో నిలబడి ఒక్కటే అడిగింది. "టీచరుగారూ, డబ్బిచ్చినవాళ్ళ కోసం రోజూ దువా చేస్తున్నాను. ఆ ఫోటో మాత్రం తీసేయించండమ్మా." నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ ఫోటోను నలుగురికి పంపినవాళ్ళలో నేనూ ఉన్నాను. నా ఫోన్‌లోంచి తీసేశాను. మిగతా ఫోన్లలోంచి ఎలా తీయను?

ఆ రోజు నుంచి ఈ విషయం గురించి చదవడం, తెలిసినవాళ్ళను అడగడం మొదలుపెట్టాను. అర్థమైనంతవరకు మీ ముందు పెడుతున్నాను.

జబ్బు వివరం మిగతా వివరాల్లాంటిది కాదు

ఏటీఎం కార్డు నంబరు దొంగ చేతిలో పడితే బ్యాంకుకు ఫోన్ చేసి కార్డు ఆపించవచ్చు. పాస్‌వర్డ్ తెలిసిపోతే మార్చుకోవచ్చు. మన రక్తపరీక్ష ఫలితాన్ని మార్చుకోలేం. పాతికేళ్ళ క్రితం పోయిన కాన్పు, వాడిన మానసిక వైద్యం మందులు, ఇంట్లో ఒకరికి వచ్చిన వంశపారంపర్య జబ్బు ఒకసారి బయటపడితే బయటపడినట్టే. దాని నష్టం రోగి ఒక్కరితో ఆగదు. తోబుట్టువుల పెళ్ళిళ్ళకు, ఉద్యోగాలకు అడ్డుపడుతుంది. అద్దె ఇల్లు కూడా దొరకకపోవచ్చు.

రెండో కారణం ఇంకా పెద్దది. డాక్టరుకు నిజం చెప్తేనే వైద్యం జరుగుతుంది. చెప్పింది నాలుగు గోడలు దాటదన్న నమ్మకం ఉంటేనే మనిషి నిజం చెప్తాడు. ఆ నమ్మకం పోతే రోగి దాస్తాడు, లేదా ఆసుపత్రికే రాడు. అంటువ్యాధి అయితే దాని ఫలితం వీధి మొత్తం అనుభవించాలి. కాబట్టి రోగి గుట్టు కాపాడటం ఒక్క మర్యాద విషయం కాదు. అది వైద్యంలో భాగమే.

ఒక కాగితం ఎన్ని చోట్లకు వెళ్తుంది?

మా చిన్నతనంలో ఆసుపత్రి చీటీ ఇంట్లో పరుపు కింద ఉండేది. ఇప్పుడు మల్కాపురం నుంచి ఒక రోగి కేజీహెచ్‌కు వెళ్తే పేరు కంప్యూటర్లో ఎక్కుతుంది. బయట ల్యాబులో పరీక్ష చేయిస్తే రిపోర్టు ఫోన్‌కు వస్తుంది. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్ అయితే అనుమతి కోసం కాగితాలన్నీ ఆన్‌లైన్‌లో వెళ్తాయి. ఇన్సూరెన్స్ ఉంటే ఆ కంపెనీకీ వెళ్తాయి. మందుల షాపులో బిల్లు మీద ఫోన్ నంబరు అడుగుతారు. ఆ తర్వాత సాయం కోసం ఆ కాగితాల ఫోటోలు మన దగ్గరకు వస్తాయి. మన ఫోన్ వాటిని మనకు తెలియకుండానే గూగుల్ ఫోటోస్‌లోనో, గూగుల్ డ్రైవ్‌లోనో ఇంకో కాపీ దాస్తుంది.

ఆ దాచే చోటునే క్లౌడ్ అంటున్నారు. మాటకు మబ్బు అని అర్థం కానీ ఆకాశంలో ఏమీ ఉండదు. ఎక్కడో ఒక పెద్ద భవనంలో వేల కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో మనం అద్దెకో ఉచితంగానో కొంత జాగా తీసుకుంటాం. ఇంతకాలం ఆ భవనాలు ఎక్కడో దూరాన ఉన్నాయనుకున్నాం. ఇప్పుడు మన విశాఖకే వస్తున్నాయి. ఇక్కడ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్, ఏఐ కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. రేవు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీలు ప్లాంటు చూసిన మన ఊరు ఇక సమాచారాన్ని దాచే ఊరు కూడా కాబోతోంది. మన పిల్లల్లో కొందరు అందులో ఉద్యోగాలు చేస్తారు. కాబట్టి ఇది మనకు సంబంధం లేని విషయమని పక్కన పెట్టలేం.

ప్రశ్నపత్రాల కట్ట చెప్పే పాఠం

క్లౌడ్‌లో పెట్టడం తప్పా? కాదు. టీచరుగా నాకు తెలిసిన ఉదాహరణతో చెప్తాను.

పదో తరగతి పరీక్షల ప్రశ్నపత్రాలను స్కూలు బీరువాలో పెట్టరు. సీలు వేసిన కట్టలుగా పోలీస్ స్టేషన్లో దాస్తారు. స్కూలు కంటే స్టేషన్ గట్టి చోటు. అలాగే మన సంఘం ఆఫీసులోని పాత కంప్యూటర్ కంటే పెద్ద కంపెనీ క్లౌడ్ గట్టి చోటే. అక్కడ కరెంటు పోదు, వరద రాదు, కాపలా ఉంటుంది. 2014లో హుద్‌హుద్ తుపాను నాడు ఎన్ని ఆఫీసుల్లో కాగితాలు తడిసి ముద్దయ్యాయో మనకు గుర్తే.

కానీ స్టేషన్లో పెట్టినంత మాత్రాన పేపరు భద్రం కాదు. మొదటిది, కట్టకు సీలు ఉండాలి. కాపలా కాసేవారికి కూడా లోపలిది కనబడకూడదు. సమాచారానికి ఆ సీలు పేరు ఎన్‌క్రిప్షన్. తాళంచెవి లేనివారికి అర్థంకాని అక్షరాల కుప్పగా మార్చడం అన్నమాట. రెండోది, కట్టను తీసుకునేది ఎవరన్నది ముందే రాసి ఉండాలి. చీఫ్ సూపరింటెండెంటు, డిపార్ట్‌మెంటల్ ఆఫీసరు వస్తారు. అటెండరు వచ్చి అడిగితే ఇవ్వరు. మూడోది, ఎప్పుడు, ఎవరు తీసుకెళ్ళారో రిజిస్టరులో సంతకం ఉండాలి. కంప్యూటర్లో దాన్నే లాగ్ అంటారు.

స్టేషన్ ఎంత గట్టిదైనా, సీలు విప్పిన కట్టను మనమే బల్ల మీద పెట్టి వస్తే తప్పు స్టేషన్‌ది కాదు. క్లౌడ్‌లోనూ అంతే. భవనం, యంత్రాలు, కాపలా కంపెనీ చూసుకుంటుంది. ఎవరు చూడవచ్చో నిర్ణయించే మీట మన చేతిలో ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో రోగుల జాబితా పెట్టి "లింకు ఉన్న ఎవరైనా చూడవచ్చు" అని నొక్కితే ఆ లింకు ఎన్ని చేతులు మారినా తలుపు తెరిచే ఉంటుంది. సమాచారం బయటపడిన సంఘటనల్లో చాలావాటికి గొప్ప హ్యాకర్లు అవసరం లేకపోయింది. తలుపు వేయడం మరచిపోయారు, అంతే.

మన రాష్ట్రంలో జరిగినవి

2018 జూన్‌లో బయటపడిన సంగతి ఇది. పేదలకు చవకగా జనరిక్ మందులు అందించడానికి రాష్ట్ర ప్రభుత్వం అన్న సంజీవిని దుకాణాలు పెట్టింది. చాలా మంచి పని. కానీ ఆ దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో, వారి పేరు, ఫోన్ నంబరుతో సహా ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడగలిగేలా ఉంది. హైదరాబాదుకు చెందిన సమాచార భద్రతా పరిశోధకుడు శ్రీనివాస్ కొడాలి దాన్ని బయటపెట్టారు. మనిషి సొంత అన్నదమ్ములకు కూడా చెప్పుకోలేని జబ్బులకు వాడే మందులు అందులో ఉన్నాయి. ఎవరూ తాళం పగలగొట్టలేదు. అసలు తాళమే లేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు బయటికి కనిపించాయి. కులం, మతం కూడా అందులో ఉన్నాయి. ఫలానా మతంవారి ఇళ్ళు ఎక్కడున్నాయని వెతికే వీలు కూడా ఉందని అప్పుడు వార్తలు వచ్చాయి. ఆ వివరాలు చెడ్డ రోజున చెడ్డ చేతిలో పడితే ఏమవుతుందో మీకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ రెండు చోట్లా ఎవరికీ హాని చేయాలన్న ఉద్దేశం లేదు. రెండూ పేదలకు మేలు చేసే పథకాలే. నేను వాటిని ఎత్తి చూపడానికి కారణం అదే. మనదీ పేదలకు మేలు చేసే సంఘమే.

దేశంలో, ప్రపంచంలో

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు ఆగిపోయాయి. దాడి చేసినవారు సర్వర్లలోని సమాచారానికి తమ తాళం వేసేశారు. చాలా రోజులు చీటీలు, రిపోర్టులు చేత్తో రాసుకోవలసి వచ్చింది. దూరం నుంచి వచ్చిన రోగులు గంటల తరబడి వరసల్లో నిలబడ్డారు. సమాచార భద్రత అంటే గుట్టు ఒక్కటే కాదని, అవసరమైన వేళకు కాగితం చేతికి అందడం కూడా అందులో భాగమేనని ఈ సంఘటన చెప్తుంది. అందుకే వేరే చోట ఇంకో కాపీ ఉండాలంటారు.

2024లో స్టార్ హెల్త్ ఇన్సూరెన్స్ ఖాతాదారుల వివరాలు, వైద్యపరీక్షల కాగితాలు టెలిగ్రామ్‌లో దొరుకుతున్నాయని రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది.

ఫిన్లాండ్ దేశంలో జరిగింది ఇంకా దారుణం. వస్తామో అనే మానసిక వైద్య సంస్థ నుంచి వేలమంది రోగుల వివరాలు దొంగిలించారు. 2020లో ఆ దొంగ సంస్థను డబ్బు అడిగాడు. ఇవ్వకపోయేసరికి నేరుగా రోగులకే ఉత్తరాలు పంపాడు. డబ్బు పంపకపోతే నువ్వు డాక్టరుకు చెప్పుకున్నదంతా లోకానికి చెప్తానని బెదిరించాడు. 2024లో అతనికి జైలుశిక్ష పడింది. సంస్థ అప్పటికే దివాలా తీసింది. కానీ బయటపడిన మాటలు వెనక్కి రాలేదు.

పేరు తీసేస్తే సరిపోతుందా?

"ఫోటో, పేరు లేకుండా పెడదాం మేడమ్" అని మన యువసభ్యులు అంటారు. మంచి ఆలోచనే. మేం స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్ళినప్పుడు జవాబుపత్రం మీద పిల్లవాడి పేరు ఉండదు. పేరున్న భాగం చించి వేరే చోట దాస్తారు. మాకు కనిపించేది కోడ్ మాత్రమే. ఆ రెంటినీ కలిపే జాబితా వేరొకరి దగ్గర ఉంటుంది. వైద్యసమాచారానికీ ఇదే పద్ధతి వాడతారు.

కానీ ఒక్కోసారి పేరు లేకపోయినా చేతిరాత పట్టిస్తుంది. ఇలా రాశామనుకోండి: "ఫలానా వీధి, 38 ఏళ్ళ ఆటో డ్రైవరు, ముగ్గురు ఆడపిల్లలు, రెండు కిడ్నీలూ పోయాయి." పేరు లేదు. అయినా ఆ వీధి చివర కిరాణా కొట్టుకు వెళ్ళి అడిగితే ఇంటికి తీసుకెళ్తారు.

అమెరికాలో 1990లలో ఇదే రుజువైంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి రికార్డులను పేర్లు తీసేసి పరిశోధకులకు ఇచ్చారు. అప్పటి గవర్నరు విలియం వెల్డ్ ఇందులో భయమేమీ లేదన్నారు. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని ఆ రికార్డులను ఓటర్ల జాబితాతో పోల్చి సాక్షాత్తు గవర్నరుగారి ఆసుపత్రి కాగితాలనే గుర్తుపట్టింది. పుట్టినతేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ ఈ మూడూ చాలాయి. కాబట్టి పేరొక్కటే కాదు, అవసరంలేని ప్రతి వివరమూ తీసేయాలి.

చట్టం ఏమంటోంది?

ఇక్కడ మన రాష్ట్రం నుంచే వెళ్ళిన ఒక కేసు చెప్పాలి. స్టాంపు చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన ఒక సవరణ ప్రకారం, అధికారం పొందిన ఎవరైనా బ్యాంకుకు వెళ్ళి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేసే వీలుండేది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారుకు, కెనరా బ్యాంకుకు మధ్య నడిచిన ఆ వివాదంలో 2004లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గోప్యత హక్కు మనిషిది, స్థలానిది కాదంది. అంటే నా కాగితం బ్యాంకుకు అప్పగించినంత మాత్రాన అది అందరిదీ అయిపోదు. క్లౌడ్ అనే మాట సామాన్యుడికి తెలియని రోజుల్లో వచ్చిన తీర్పు ఇది. కానీ క్లౌడ్ గురించి, మన సంఘం ఫైళ్ళ గురించి దీనికంటే సూటైన మాట నాకు దొరకలేదు. రోగి తన కాగితం మనకు ఇచ్చాడు, హక్కు ఇవ్వలేదు.

2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చింది. అదే ఏడాది వచ్చిన హెచ్ఐవీ చట్టం, మానసిక ఆరోగ్య చట్టం రోగి వివరాలను గుట్టుగా ఉంచాలన్నాయి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు పాటించడానికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. సారాంశం ఇది. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి అనుమతి తీసుకోవాలి. ఆ పనికే వాడాలి. పని అయ్యాక తీసేయాలి. పొరపాటున బయటపడితే బాధితులకు చెప్పాలి. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలైతే తల్లిదండ్రుల అనుమతి కావాలి. భద్రతలో నిర్లక్ష్యానికి జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు. మనలాంటి చిన్న సంఘం మీద అంత వేస్తారని కాదు. కానీ సేవ చేస్తున్నామన్న మాట నిర్లక్ష్యానికి జవాబు కాదు.

మనం చేయగలిగినవి

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కార్యవర్గం ముందు ఉంచినవే ఇక్కడా రాస్తున్నాను.

దరఖాస్తు ఫారంలో అవసరమైనవే అడుగుదాం. మందుల బిల్లు కట్టడానికి రోగి కులం, ఇంటిల్లిపాది ఆధార్ నంబర్లు ఎందుకు? ఫారం చివర అనుమతి వాక్యాలు తెలుగులోను, ఉర్దూలోను ఉండాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి. ఫోటో వద్దంటే సాయం ఆగదని స్పష్టంగా చెప్పాలి. ఆకలితో ఉన్న మనిషి దేనికైనా సంతకం పెడతాడు. దాన్ని అనుమతి అనలేం.

కాగితాలు చూసేది ఇద్దరే కావాలి. ఒకరు కార్యవర్గం నుంచి, ఒకరు వైద్యం తెలిసినవారు. ఆడవారి దరఖాస్తులు ఆడవారే చూడాలి. ప్రతి దరఖాస్తుకు ఒక నంబరు ఇచ్చి, పేర్ల జాబితా వేరే బీరువాలో పెట్టి తాళం వేయాలి. కంప్యూటర్లో ఉంచే ఫైళ్ళు ఎవరి సొంత ఫోన్‌లోనూ కాక సంఘం ఖాతాలోనే ఉండాలి. పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే రెండో కోడ్ కూడా పెట్టాలి. పదవి దిగినవారి పేరును ఆ రోజే ఖాతాలోంచి తీసేయాలి. ఆడిట్‌కు కావలసిన బిల్లులు తప్ప రిపోర్టుల ఫోటోలు కేసు ముగిశాక తుడిచేయాలి.

వాట్సాప్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దారిలో ఎవరూ చూడకుండా అది కాపాడుతుంది, నిజమే. కానీ చేరాల్సిన రెండు వందల ఫోన్లకు చేరాక అది ఆ రెండు వందలమంది సొత్తు. రెండు రోజుల పైచిలుకు దాటితే "అందరికీ తొలగించు" అన్న మీట కూడా పనిచేయదు. కాబట్టి రోగి కాగితం ఏ గ్రూపులోనూ పెట్టకూడదు.

దాతలకు ఒక మనవి

చివరిగా మీతో సూటిగా మాట్లాడాలి. ఈ ఫోటోలు ఎందుకు వస్తున్నాయి? మనం అడుగుతున్నాం కాబట్టి. "నిజమైన కేసేనా? ఫోటో పెట్టండి, రిపోర్టు పెట్టండి" అని అడిగేది మనమే. ఆ అనుమానం తప్పని నేను అనను. దొంగ దరఖాస్తులు ఉన్నాయి. చెమటోడ్చి సంపాదించిన డబ్బు, అందులోనూ జకాత్ సొమ్ము, అర్హులకే చేరాలన్న ఆరాటం మీకు ఉండాల్సిందే. లెక్క అడగడం మీ హక్కు.

కానీ లెక్క వేరు, ముఖం వేరు. డబ్బు రోగి చేతికి కాకుండా నేరుగా ఆసుపత్రికో మందుల షాపుకో చెక్కు రూపంలో వెళ్తే దొంగ దరఖాస్తుకు చోటే ఉండదు. "దరఖాస్తు నంబరు ఇంత, డయాలసిస్ ఖర్చు, ఇన్ని వేలు, బిల్లు సరిచూశాం" అని ప్రతి మూడు నెలలకూ మీకు అందుతుంది. సందేహం ఉన్నవారు ఆఫీసుకు వచ్చి, తనిఖీ చేసిన ఇద్దరినీ అడగవచ్చు. ఆడిటరు సంతకం ఉంటుంది. ఇంతకంటే ఎక్కువ రుజువు ఒక ఏడుపు ముఖం ఫోటో ఇవ్వలేదు. ఆ ఫోటో ఏ ఊరిదైనా కావచ్చు, ఏ సంవత్సరానిదైనా కావచ్చు.

ఫోటో లేకపోతే చందాలు తగ్గుతాయని కొందరు పెద్దలు భయపడుతున్నారు. మొదటి ఏడాది తగ్గవచ్చు కూడా. గుప్తదానం గొప్పదని చిన్నప్పటి నుంచి విన్నాం. ఇచ్చేవాడి పేరు దాచడం గురించే ఎక్కువ ఆలోచించాం. పుచ్చుకునేవాడి పేరు దాచడం అందులో సగం అన్న సంగతి మరచిపోయాం.

ఈ సంచిక మూసేసి మీరు చేయగలిగిన పని ఒకటుంది. మీ ఫోన్ తెరిచి, పాత సాయం అభ్యర్థనల్లో ఉన్న రోగుల ఫోటోలు, రిపోర్టులు, ఆధార్ కార్డులు వెతికి తీసేయండి. గూగుల్ ఫోటోస్‌లో, అందులోని ట్రాష్‌లో కూడా చూడండి. పది నిమిషాలు పడుతుంది. వాటిలో నేను పంపినవి కూడా ఉండవచ్చు.

ఆ తల్లి ఇప్పటికీ బజారులో కనబడితే సలాం చేస్తుంది. ఫోటో సంగతి మళ్ళీ అడగలేదు. ఆమె పిల్లకు మంచి సంబంధం దొరకాలని మీరందరూ దువా చేయండి.